స్పెయిన్ పల్లెల్లో గ్రావెల్ బైక్: నీళ్లూ రొట్టే చూసుకుని రూట్ వేసుకోవడం ఎలా

సోమవారం, మధ్యాహ్నం మూడు గంటలు. పలెన్సియా ప్రావిన్స్‌లో ఒక చిన్న ఊరు. నా రెండు బాటిళ్లూ ఖాళీ. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క బార్‌కి షట్టర్ దించి ఉంది, దానికి 'సోమవారం సెలవు' అని చేత్తో రాసిన అట్టముక్క వేలాడుతోంది. కిరాణా కొట్టు లేదు. వీధిలో పురుగన్నది లేదు. చర్చి వెనక ఒక కుళాయి కనబడబట్టి బతికిపోయాను. ఆ రోజు నా ప్లాన్‌లో దూరం ఉంది, ఎక్కాల్సిన ఎత్తు ఉంది, రాత్రి బస కూడా ఉంది. నీళ్లు ఎక్కడ దొరుకుతాయో మాత్రం రాసుకోలేదు.

అప్పట్నుంచీ నేను రూట్ వేసే పద్ధతి మారిపోయింది. ముందు ఊళ్లు చూస్తాను. ఊరికీ ఊరికీ మధ్య ఎంత దూరం, అక్కడ నీళ్లు ఉన్నాయా, తిండి ఏ వేళకి దొరుకుతుంది అన్నది తేల్చుకున్నాకే మిగతావి. యూరప్‌లో చదువుకో ఉద్యోగానికో వచ్చి ఉన్నవాళ్లకైనా, హైదరాబాద్ నుంచి రెండు వారాల సెలవు మీద వచ్చేవాళ్లకైనా ఇదే చెప్తాను. రోజుకి యాభై కిలోమీటర్లు ఆగుతూ ఆగుతూ తొక్కగలిగితే చాలు, ఈ యాత్ర మీ వల్ల అవుతుంది.

అసలు ఇన్ని మట్టిరోడ్లు ఎక్కడివి

గ్రావెల్ బైక్ అంటే రేసు సైకిల్ లాంటి వంపు హ్యాండిల్‌కి లావు టైర్లు తగిలించిన బండి అనుకోండి. తారురోడ్డు మీదా పోతుంది, కంకర డొంకల్లోనూ పోతుంది. దానికి స్పెయిన్ ఎందుకంత నప్పిందో తెలిస్తే మ్యాప్ చదవడం తేలికవుతుంది.

మొదటి కారణం పొలాలు. 1952 చివర్లో అక్కడ కమతాల ఏకీకరణ చట్టం వచ్చింది. ఒకే రైతుకి నాలుగు దిక్కులా ముక్కలు ముక్కలుగా ఉన్న పొలాన్ని ఒకచోటికి చేర్చారు. ప్రతి చెక్కకీ ట్రాక్టర్ వెళ్లేలా కొత్త దారులు వేశారు. స్పెయిన్ నడిమి కస్తీయా మైదానంలో గీత గీసినట్టు నిటారుగా కనిపించే తెల్లటి మట్టిరోడ్లు చాలావరకు అవే. రెండోది పాత రైలుమార్గాలు. పట్టాలు పీకేసిన లైన్లను 1993 నుంచి 'వియా వెర్దె', అంటే పచ్చదారి, అనే పేరుతో నడకకీ సైకిళ్లకీ మార్చుకుంటూ వచ్చారు. ఇప్పుడవి మూడు వేల కిలోమీటర్లు దాటాయి. రైలు నడిచిన దారి కాబట్టి ఎక్కుడు ఎంతసేపున్నా నెమ్మదిగానే ఉంటుంది.

మూడోది నాకు ఇష్టమైనది, గొర్రెల దారులు. వేసవిలో కొండలకీ చలికాలంలో దక్షిణాదికీ మందలు తోలుకెళ్లే కాపరులకి రాజు 1273లోనే హక్కులు రాసిచ్చాడు. ఆ దారులు ఈనాటికీ ప్రభుత్వ ఆస్తే. పెద్దవి 75 మీటర్ల వెడల్పు దాకా ఉంటాయి, దేశం మొత్తమ్మీద సుమారు లక్షా పాతికవేల కిలోమీటర్లు. మోటారు లేని బండి మీద వాటిలో వెళ్లొచ్చని 1995 నాటి చట్టం ఒప్పుకుంటుంది. మన కురుమ, గొల్ల కాపరులు మందలతో నెలల తరబడి వలస పోవడం చూసినవాళ్లకి ఈ దారుల విలువ ఇట్టే తెలుస్తుంది. కాకపోతే కొన్నిచోట్ల దున్నేసి కలిపేసుకున్నారు. మ్యాప్‌లో ఉన్న దారి నేల మీద కనబడకపోతే కంగారుపడకండి.

నెల ఎంచుకోండి

ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య వరకు, మళ్లీ సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ చివరి దాకా. మిగతా నెలల్లో వెళ్లకూడదని కాదు, సుఖం తక్కువ. 'మాకు ఎండ కొత్తా, విజయవాడలో పుట్టాం' అనుకుని జూలైలో దక్షిణాదిలోని ఆండలూసియా వెళ్లకండి. ఎండ ఒక్కటే అయితే ఓర్చుకుంటాం. అక్కడ నీడ ఉండదు, ఇరవై కిలోమీటర్ల దాకా సోడా బండి ఉండదు.

ఇంకో తిరకాసుంది. స్పెయిన్ గడియారం సూర్యుడి కంటే బాగా ముందుంటుంది. వేసవిలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి టైం రెండుంపావు దాటుతుంది. కాబట్టి ఎండ ముదిరేది మధ్యాహ్నం పన్నెండుకి కాదు, సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్య. మన అలవాటు కొద్దీ 'నాలుగైంది, చల్లబడింది, బయల్దేరదాం' అంటే సరిగ్గా పొయ్యిలోకి దిగినట్టే. జూన్ చివర్లో రాత్రి పదింటిదాకా వెలుతురు ఉంటుంది గనక పొద్దున ఏడింటికి మొదలుపెట్టి రెండింటికల్లా ముగించడం మేలు, లేదా సాయంత్రం ఏడు దాటాక మిగతాది తొక్కండి.

ఏప్రిల్‌లో అయితే రివర్స్ సమస్య. కస్తీయా మైదానం సముద్రమట్టానికి 700 నుంచి 850 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మధ్యాహ్నం టీషర్ట్ చాలు, తెల్లారుజామున చేతివేళ్లు కొంకర్లు పోతాయి. గ్లవ్స్, పల్చటి విండ్‌షీటర్ బ్యాగులో ఉండాలి.

మొదటి రూట్: కస్తీయా కాలవ గట్టు

మొదటిసారి వెళ్లేవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే రూట్, కనాల్ దె కస్తీయా. చాలామంది నేరుగా ఈశాన్యాన ఉన్న జిరోనా వెళ్తారు. ప్రొఫెషనల్ రేసర్లు కాపురం ఉండే ఊరు, మంచి సైకిల్ షాపులు, మంచి కాఫీ, అన్నీ ఉన్నాయి. ఓలోత్ నుంచి జిరోనాకి 54 కిలోమీటర్ల పాత రైలుదారి, అక్కణ్నుంచి సముద్రం దాకా ఇంకో 39 ఉన్నాయి. పిల్లలతో వెళ్లేవాళ్లకి అది బంగారంలాంటి చోటు. కానీ ఖాళీ స్పెయిన్ చూడాలంటే అది చోటు కాదు.

కస్తీయా కాలవ 207 కిలోమీటర్లు. మూడు పాయలు, తిరగేసిన ఇంగ్లీషు 'వై' అక్షరంలా. 1753లో తవ్వకం మొదలైంది, డబ్బుల్లేక, యుద్ధాలొచ్చి ఆగుతూ ఆగుతూ 1849లో ముగిసింది. గోధుమలు, పిండి సముద్రం వైపు పంపడానికి కట్టారు. కట్టిన పదీ పదిహేనేళ్లకే రైలు వచ్చి దాని పని అయిపోయింది. పడవలు మాత్రం 1959 దాకా అడపాదడపా తిరిగాయి. ఆ పడవల్ని గట్టు మీద నడిచే కంచరగాడిదలు తాళ్లతో లాగేవి. మనం ఇప్పుడు సైకిల్ తొక్కేది ఆ గాడిదల దారిలోనే.

గోదావరి జిల్లాల వాళ్లకి ఈ రూట్ గురించి విడమరచి చెప్పక్కర్లేదు. కాలవ, గట్టు, లాకులు. నీటిమట్టం మారేచోట తలుపులు మూసి, నీళ్లు నింపి పడవని ఎక్కించే దించే ఆ లాకులు ఇక్కడ 49 ఉన్నాయి. ఫ్రోమిస్తా దగ్గర నాలుగు లాకులు మెట్లలా ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలైంది. అంటే అక్కడ రాళ్లు పేరుస్తున్న రోజుల్లోనే ఇక్కడ చివరి పాయలోకి నీళ్లు వదిలారన్నమాట. కొబ్బరిచెట్ల బదులు పోప్లార్ చెట్లు, వరి బదులు గోధుమ. గట్టు మీద సైకిల్ తొక్కుతుంటే మా అమ్మమ్మగారి ఊరు గుర్తుకు రాకుండా ఉండటం కష్టం.

ఇలా వెళ్లండి. రైల్లో అలార్ దెల్ రేయ్ చేరి అక్కడే మొదలుపెట్టండి. నీళ్లు పారే దిశలోనే తొక్కుతారు గనక మొత్తమ్మీద దిగుడే, అయితే అది కాళ్లకి తెలియనంత కొంచెం. మొదటి రోజు ఎర్రెరా దె పిసుయెర్గా మీదుగా ఫ్రోమిస్తా దాకా. ఎర్రెరాలో తప్పకుండా ఆగి తిని, బాటిళ్లు నింపుకోండి, తర్వాత గట్టుని ఆనుకుని పెద్ద ఊళ్లు లేవు. ఫ్రోమిస్తాకి ముందు బోఅదీయా దగ్గర శాంతియాగో అనే క్రైస్తవ పుణ్యక్షేత్రానికి వెళ్లే యాత్రికుల కాలిబాట వచ్చి గట్టులో కలుస్తుంది. వీపున బరువుతో వందల కిలోమీటర్లు నడిచొస్తున్న మనుషులు వాళ్లు. వెనక నుంచి రయ్యిమని దూసుకుపోకుండా ముందే బెల్ కొట్టి, నెమ్మదిగా పక్కనుంచి వెళ్లండి. ఫ్రోమిస్తాలో 11వ శతాబ్దపు సాన్ మార్తిన్ చర్చి ఉంది. చూరు కింద వరసగా చెక్కిన చిన్న చిన్న మొహాల కోసమైనా ఒక చుట్టు తిరగండి.

రెండో రోజు అముస్కో, రీబాస్ మీదుగా పలెన్సియా. మూడో రోజు దక్షిణ పాయ పట్టుకుని వాయదోలిద్. మొత్తం 150 కిలోమీటర్ల దగ్గర. దమ్మున్నవాళ్లు రెండు రోజుల్లో కొట్టేస్తారు. కొట్టేయకండి. పక్క ఊళ్లలో మట్టి ఇటుకలతో కట్టిన పావురాల గూళ్లు గుండ్రటి బురుజుల్లా నిలబడి ఉంటాయి. వాటి దగ్గర ఆగడానికి టైం ఉండాలి.

ఒక హెచ్చరిక. ఇక్కడ కొండలు లేవు, గాలి ఉంది. చెట్టూ చేమా లేని మైదానంలో ఎదురుగాలి పడితే గంటకి పది కిలోమీటర్లు కూడా సాగదు. బయల్దేరే ముందురోజు రాత్రి వాన కంటే ముందు గాలి దిశ చూడండి.

రెండోసారి, మూడోసారి

కాలవ అయ్యాక ఓహోస్ నెగ్రోస్. తూర్పు స్పెయిన్‌లోని తెరుయెల్ కొండల ఇనుప ఖనిజాన్ని సగుంతో సముద్రతీరానికి దింపడానికి 1907లో ఒక గనుల కంపెనీ సొంతంగా వేసుకున్న రైలుమార్గం ఇది. పక్కనే ఇంకో రైల్వే ఉంది, సరుకు రవాణా రేటు దగ్గర పొత్తు కుదరక సమాంతరంగా ఇంకో లైన్ వేసేశారు. పంతం అంటే అదీ. 1972లో ఆ రైలు ఆగిపోయింది, పట్టాలు పోయాయి, దారి మిగిలింది. స్పెయిన్‌లో అన్నిటికన్నా పొడవైన పచ్చదారి ఇప్పుడిదే, దాదాపు 160 కిలోమీటర్లు. తెరుయెల్ 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కణ్నుంచి మెల్లగా 1,200 దాటేదాకా ఎక్కి, బర్రాకస్ తర్వాత సముద్రం వైపు దిగుతూ పోతారు. ఎత్తులో సరుగుడు లాంటి పైన్ చెట్ల మధ్య మొదలై, చివరికి నారింజ తోటల్లో తేలతారు. సొరంగాలు ఉన్నాయి, ముందు లైట్ తప్పనిసరి.

ఇంట్లోవాళ్లతో ఒక్క రోజు సరదాకి అయితే కాదిజ్ వైపు వియా వెర్దె దె లా సియెర్రా. 36 కిలోమీటర్లు, 30 సొరంగాలు. ఆ లైన్ అంతా తవ్వి, స్టేషన్లు కట్టి, ఒక్క రైలు కూడా నడపలేదు. దారి మధ్యలో ఒక పెద్ద కొండ మీద రాబందుల కాలనీ ఉంది, తల పైకెత్తితే చాలు కనిపిస్తాయి.

నవార్రాలో బార్దెనాస్ రెయాలెస్ ఎడారి అందంగా ఉంటుంది, ఫోటోలు చూసి అందరూ వెళ్తారు. లోపల మిలిటరీ ఫైరింగ్ రేంజ్ ఉంది, కాబట్టి గుర్తుపెట్టిన దారి దాటొద్దు. వాన పడ్డ మర్నాడు వెళ్లొద్దు.

తెరుయెల్‌లో మొదలై తెరుయెల్‌లోనే ముగిసే మొంతాన్యస్ వసియాస్, అంటే 'ఖాళీ కొండలు', 680 కిలోమీటర్ల రూట్. యూరప్‌లో జనం అతి పల్చగా ఉన్న ప్రాంతాల్లో అదొకటి. టెంటు, వంట సామాను, రిపేరు పని, మూడూ వచ్చినవాళ్లకి. మొదటి యాత్రకి దాని జోలికి పోకండి.

మ్యాప్ మీద కూర్చోండి

రూట్ తెలిసింది కదా, ఒక సాయంత్రం దీనికి కేటాయించండి.

ముందుగా కోమూత్ లాంటి యాప్‌లోనో, జిరోనాలోనే పుట్టిన వికీలోక్‌లోనో ఎవరైనా తొక్కి పెట్టిన ట్రాక్ వెతకండి. పాతవి వదిలేసి, ఈ ఏడాదిలో పెట్టినవే చూడండి. తర్వాత స్పెయిన్ జాతీయ భౌగోళిక సంస్థ వాళ్ల 1:25,000 మ్యాప్ తెరవండి, ఉచితం. అందులో 'ఫుయెంతె' అని ఉన్నచోటల్లా ఊట ఉన్నట్టు. ఉపగ్రహ చిత్రం కూడా పక్కన పెట్టుకుని అనుమానం ఉన్న దారిని జూమ్ చేసి చూడండి. రెండు చక్రాల గాడి తెల్లగా కనబడితే దారి వాడకంలో ఉంది. పచ్చగా మూసుకుపోయి ఉంటే తుప్పలు.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. అవును, కాగితమే. ఊరి పేరు, ముందు ఊరి నుంచి దూరం, నీళ్లు, బార్, కొట్టు, వాటి సెలవు రోజు. నాదైతే ఇలా ఉంటుంది: 'ఎర్రెరా, 0, అన్నీ ఉన్నాయి. తర్వాతి ఊరు, 14, కుళాయి ఉంది, బార్ సోమవారం లేదు.' ఈ కాగితం హ్యాండిల్ బ్యాగులో పెట్టుకుంటాను. ఎండలో ఫోన్ స్క్రీన్ కనబడదు, చెమట చేతికి టచ్ పనిచేయదు. రెండు ఊళ్ల మధ్య 25 కిలోమీటర్లు దాటితే ఎర్రపెన్నుతో గీత కొడతాను, అంటే అక్కడికి మూడు లీటర్ల నీళ్లతో బయల్దేరాలని.

ట్రాక్‌ని ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్‌తో సహా దించుకోవడం మర్చిపోకండి. ఖాళీ ఊళ్లలో సిగ్నల్ కూడా ఖాళీయే.

బండి, రైలు

పెద్ద ఊళ్లలో గ్రావెల్ బైకులు అద్దెకి దొరుకుతాయి. ముందే బుక్ చేసుకోండి, మీ ఎత్తు సెంటీమీటర్లలో చెప్పండి. టైర్ 40 నుంచి 45 మిల్లీమీటర్లు ఉండేది అడగండి. వెనక పెద్ద గేర్ ఉందో లేదో చూడండి, మట్టి ఎక్కుడుకి అది లేకపోతే దిగి తోయడమే.

షాపులోనే రెండు పనులు చేయండి. మొదటిది బ్రేకులు. మన దగ్గర మోటార్ సైకిల్‌కీ, సైకిల్‌కీ కుడిచేతిది ముందు బ్రేక్. అక్కడ ఎక్కువగా ఎడమచేతిది ముందు బ్రేక్. కంకర దిగుడులో కంగారుగా నొక్కితే హ్యాండిల్ మీద నుంచి ఎగిరి పడతారు. షాపు ముందే పది నిమిషాలు తొక్కి చేతికి అలవాటు చేసుకోండి. రెండోది చక్రం తీసి చెవి దగ్గర ఊపడం. ట్యూబ్‌లెస్ టైర్లో పాలలాంటి సీలెంట్ ఉండాలి, గలగలమని శబ్దం రావాలి. ఒకసారి నాకిచ్చిన బండిలో అది ఎండి పొరలు కట్టి ఉంది. నేను చూసుకోలేదు, ముప్పయ్యో కిలోమీటరు దగ్గర తెలిసొచ్చింది.

తెలిసొచ్చింది దేనివల్లనో చెప్తే నవ్వుతారు. పల్లేరుకాయ! మన చేలగట్ల మీద ఉత్తకాళ్లతో నడిస్తే గుచ్చుకునే అదే పల్లేరు. మధ్యధరా ప్రాంతంలోనూ అది దండిగా మొలుస్తుంది, స్పానిష్‌లో 'అబ్రోహో' అంటారు. వేసవి చివర్లో కాయలు ఎండి దారి అంచుల్లో పడి ఉంటాయి. సైకిల్ గోడకి ఆనిద్దామని దారి పక్క గడ్డిలోకి దింపానో లేదో, టైరుకి ఏడు కాయలు. అందుకే ఆగినా దారి మధ్యలోనే ఆగండి. గుచ్చుకుంటే, సీలెంట్ ఉన్న టైరైతే ముల్లు పీకి ఆ చిల్లు కిందికి వచ్చేలా చక్రం తిప్పి ఒక నిమిషం ఉంచండి, బుసబుస ఆగిపోతుంది. ట్యూబ్ టైరైతే కొత్త ట్యూబ్ వేసేముందు లోపల గుడ్డతో చుట్టూ తుడవండి. విరిగిన ముల్లుమొన ఒక్కటి మిగిలినా రెండో ట్యూబ్ కూడా పోతుంది. వేలితో తడిమితే వేలికే గుచ్చుకుంటుంది, గుడ్డయితే చిక్కుకుని ఆగుతుంది.

గాలి ఎక్కువ కొట్టకండి. డెబ్బై కిలోల మనిషికి ఈ టైర్లలో 30 నుంచి 35 పీఎస్ఐ చాలు, సామాను ఉంటే వెనక చక్రానికి ఇంకాస్త. రాయిలా బిగిస్తే కంకర మీద జారుతుంది, నడుం పోతుంది. రెండు ట్యూబులు, చిన్న పంపు, చైన్ లింకు, మల్టీటూల్, ఇవి మాత్రం లేకుండా ఊరు దాటొద్దు.

రైళ్ల విషయానికొస్తే, హైస్పీడ్ ఏవీఈ రైలు ఎక్కించుకోదు, విప్పి బ్యాగులో పెడితే తప్ప. మధ్యదూరం రైళ్లలో సైకిళ్లకి కొన్ని స్థలాలు ఉంటాయి. టికెట్ తీసుకునేటప్పుడే సైకిల్ కూడా ఉందని చేర్చాలి. అలార్ లాంటి చిన్న స్టేషన్లో రోజుకి కొద్ది రైళ్లే ఆగుతాయి, కాబట్టి తేదీ ఖరారు చేసేముందు అది చూడండి. తెరుయెల్ వైపు లైన్లో మరమ్మతులున్నప్పుడు రైలు బదులు బస్సు వేస్తుంటారు, బస్సులో సైకిల్ పడుతుందో లేదో అడగాలి.

తిండి టైమింగ్స్

బార్ అంటే మందు కొట్టనుకోకండి. పల్లెటూళ్లో అది మన టీ కొట్టు, టిఫిన్ హోటల్, రచ్చబండ, మూడూ కలిపి. పొద్దున ముసలాళ్లు కాఫీ తాగుతూ పేకాడుతుంటారు. లోపలికి వెళ్లగానే అందరికీ కలిపి 'బ్వేనస్' అనాలి. ఆ ఒక్క మాటతో సగం పనులు అవుతాయి.

మధ్యాహ్న భోజనం ఒకటిన్నర, రెండింటి నుంచి నాలుగు దాకా. 'మెనూ దెల్ దియా' అంటే రెండు ఐటమ్స్, రొట్టె, చివర్లో స్వీటో పండో, ఒకే ధరకి. అది తిన్నాక ఎలాగూ తొక్కలేరు, అందుకే ఆ రోజు పని రెండింటికి ముగించమన్నాను. రాత్రి భోజనం తొమ్మిదికి ముందు పెట్టరు. కొట్లు రెండు నుంచి అయిదు మధ్య మూసేస్తారు, ఆదివారం అసలు తెరవరు. శనివారం సాయంత్రమే ఆదివారానికి కొనిపెట్టుకోండి.

శాకాహారులకి కొంచెం టెన్షనే. 'మాంసం వద్దు' అంటే చాలదు. వాళ్ల లెక్కలో పంది తొడ మాంసం 'హమోన్' వేరే సంగతి, ట్యూనా చేప ఇంకో సంగతి. సలాడ్‌లో ట్యూనా వేసేస్తారు, పప్పు చారులా కనిపించే 'లెంతేహాస్'లో చోరీసో అనే పంది మాంసం సాసేజ్ ముక్కలుంటాయి. కాబట్టి మొత్తం వరస అప్పజెప్పండి: 'సిన్ కర్నె, సిన్ హమోన్, సిన్ అతూన్.' గుడ్డు తినేవాళ్లకి బంగాళదుంప ఆమ్లెట్ 'తోర్తియా' ప్రతి బార్‌లోనూ ఉంటుంది. రొట్టె మధ్యలో పెట్టి కట్టివ్వమంటే దారిలోకి పనికొస్తుంది. గుడ్డు కూడా తినకపోతే రొట్టె మీద టమాటా గుజ్జు, ఆలివ్ నూనె, వేయించిన బాదం, పెరుగు, పళ్లు. ఒక చిన్న డబ్బాలో కందిపొడి పట్టుకెళ్లండి. ఆ ఆలివ్ నూనెతో కలిపి రొట్టెకి రాసుకుని తిన్నవాణ్ని, చెప్తున్నాను, బాగుంటుంది.

నీళ్ల కుళాయి దగ్గర బోర్డు చదవండి. 'పొతాబ్లె' అంటే తాగొచ్చు. 'నో పొతాబ్లె' అంటే తాగకూడదు, తల తడుపుకోవడానికే. 'నో త్రతాదా' అంటే శుద్ధి చేయనిది, ఊరివాళ్లు తాగుతుంటారు, నేను మాత్రం ఫిల్టర్ లేకుండా తాగను. బోర్డేమీ లేకపోతే ఎవర్నైనా అడగండి. శ్మశానం గోడ దగ్గర దాదాపు ప్రతి ఊళ్లోనూ ఒక కుళాయి ఉంటుంది. మనవాళ్లకి మనసొప్పకపోవచ్చు గానీ దాహానికి పట్టింపులుండవు.

కుక్కలు, గేట్లు, తుపాకులు

గొర్రెల మంద కనబడితే తొక్కడం ఆపండి. మందలో తెల్లగా, మామూలుగా పడుకుని ఉన్న గొర్రె ఒకటి లేచి నిలబడితే అది దూడంత కుక్క అని తెలుస్తుంది. దాని పేరు మస్తీన్. తోడేళ్ల నుంచి మందను కాయడానికి పెంచిన జాతి. దాని కళ్లకి మీరు వేగంగా వస్తున్న జంతువు. దిగండి, సైకిల్‌ని మీకూ దానికీ మధ్య అడ్డం పెట్టుకోండి, మామూలు గొంతుతో ఏదో ఒకటి మాట్లాడండి, తెలుగైనా ఫర్వాలేదు. మంద చుట్టూ దూరంగా నడుచుకుంటూ వెళ్లండి. మన ఊళ్లో చేసినట్టు రాయి కోసం వంగడం, కేకలేయడం వద్దు. కాపరి దగ్గర్లోనే ఉంటాడు, అతను ఒక్క ఈల వేస్తే అయిపోతుంది.

గేటు మూసి ఉంటే తీసి, వెళ్లి, మళ్లీ మూయాలి. తెరిచి ఉంటే అలాగే వదిలేయాలి. సన్నటి తీగ అడ్డంగా ఉండి పట్టుకోవడానికి ప్లాస్టిక్ పిడి ఉంటే అది కరెంటు కంచె, పిడి మాత్రమే ముట్టుకోండి.

అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా శని, ఆదివారాల్లో వేట జరుగుతుంది. దారిలో 'బతీదా' లేదా 'మొంతెరియా' అని బోర్డు పెట్టి ఉంటే అడవిపందుల వేట నడుస్తోందని అర్థం. వాదించకుండా వెనక్కి తిరగండి. ఆ నెలల్లో నలుపు, గోధుమరంగు బట్టలు వేసుకోకండి. గాఢమైన నారింజరంగు జాకెట్ వేసుకోండి.

ఊరు దాటిన రోడ్డు మీద హెల్మెట్ తప్పనిసరి. బండ్లు కుడివైపు నడుస్తాయి. పొద్దున మొదటి అరగంట, బార్ నుంచి బయటికి వచ్చిన మొదటి నిమిషం, ఈ రెండుసార్లే మన చేతులు ఎడమవైపుకి లాగుతాయి, అప్పుడు జాగ్రత్త. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉంటే జరిమానా. ఏ ఆపదకైనా 112. ఇండియా నుంచి వచ్చేవాళ్లు వీసా కోసం తీసుకునే 30,000 యూరోల కవరేజీ ఇన్సూరెన్స్‌లో సైకిల్ ప్రమాదం కవర్ అవుతుందో లేదో చదువుకోండి, కొన్నిట్లో కాదు. టెంటు వేసుకుని ఎక్కడపడితే అక్కడ పడుకోవడం చాలా ప్రాంతాల్లో నిషేధం, వేసవిలో మంట వేయడం ఇంకా పెద్ద నేరం.

వాన పడితే

ఆగిపోండి. ఇది సలహా కాదు, అనుభవం. కస్తీయా మట్టి మన నల్లరేగడి చెల్లెలు. వాన పడ్డ గంటలో టైరుకి అంటుకుని, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ సందులో పేరుకుని, చక్రం తిరగడం మానేస్తుంది. సైకిల్ మోసుకెళ్దామంటే బండి బరువు రెట్టింపు. బలవంతంగా తొక్కితే వెనక గేర్లు మార్చే భాగం విరిగి చక్రంలో పడుతుంది. ఆ రోజుకి పక్కన తారురోడ్డు ఎక్కండి, లేదా బార్‌లో కూర్చుని ముసలాళ్ల పేకాట చూడండి. ఎండ కాస్తే కంకర దారి పూటలో ఆరుతుంది, మట్టిదారికి ఒక రోజు పట్టొచ్చు. చెట్టు పుల్ల ఒకటి గానీ పాత స్పూన్ గానీ బ్యాగులో ఉంచుకోండి, ఫోర్క్ సందులో మట్టి గీకడానికి.

వాయదోలిద్ చేరాక బండి అప్పగించే ముందు పెట్రోల్ బంకులో నాణేలు వేసి నీళ్లు కొట్టే మెషిన్ దగ్గర కడగండి. ఆ ధారని చక్రం ఇరుసు మీదకీ పెడల్స్ మధ్య ఇరుసు మీదకీ నేరుగా పెట్టకండి, లోపలి గ్రీజు పోతుంది. పై నుంచి, దూరం నుంచి, చైన్‌కి చివర్లో ఒక చుక్క నూనె. టైర్లో ఇంకా పల్లేరుకాయలుంటే పీకకండి. షాపువాడికి చూపించి ఇచ్చేయండి, వాడు పీక్కుంటాడు.